కాంతి తరంగమా, కణమా? ఒక్క ఫోటాన్ దేనితో వ్యతికరణం చెందుతుంది?

వెన్నెల_బీఎస్సీ
అందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం, ఎంపీసీ. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని వార్తల్లో వస్తున్న దగ్గర్నుంచి ఇంట్లో అందరూ నన్నే అడుగుతున్నారు, నువ్వు ఫిజిక్స్ కదా, క్వాంటమ్ అంటే ఏంటో చెప్పు అని. పరీక్షలో వస్తే రాసేస్తాను గానీ ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పాలంటే నోరు రావట్లేదు.

అసలు డౌట్ ఇది. వ్యతికరణం (రెండు తరంగాలు కలిసి వెలుగు, చీకటి చారలు ఏర్పడటం) చాప్టర్‌లో కాంతి తరంగం అన్నారు. ద్వంద్వ స్వభావం చాప్టర్‌కి వచ్చేసరికి కణం అన్నారు. "కొన్ని ప్రయోగాల్లో తరంగంలా, కొన్ని ప్రయోగాల్లో కణంలా ప్రవర్తిస్తుంది" అని రాస్తే మార్కులు పడతాయి. కానీ ఎప్పుడు ఎలా ఉండాలో దానికెలా తెలుస్తుంది? పైగా కాంతిని బాగా తగ్గించి ఒక్కో ఫోటాన్‌నే, అంటే ఒక్కో కాంతి కణాన్నే, రెండు సన్నటి చీలికల వైపు పంపినా తెర మీద అవే చారలు వస్తాయంటారు. ఒక్కటే ఉంటే అది కలిసేది దేనితో?

రిటైర్డ్_లెక్చరర్
అమ్మా వెన్నెలా, నీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి రావాలంటే కాంతి ఎందుకు తరంగమన్నారో, ఆ మాట మీద ఎందుకు నిలబడలేకపోయారో ముందు చూడాలి.

న్యూటన్ కాంతిని సూక్ష్మ కణాల ప్రవాహమన్నాడు, హైగెన్స్ తరంగమన్నాడు. 1800 తర్వాత యంగ్ వ్యతికరణం చూపించాడు. 1818లో ఫ్రెనెల్ తన తరంగ సిద్ధాంతం ఫ్రెంచ్ అకాడమీకి పంపితే, కణవాదం పక్షాన ఉన్న పోయిసాన్ లెక్కలు వేసి, ఇదే నిజమైతే గుండ్రటి అడ్డం వెనక నీడ సరిగ్గా మధ్యలో వెలుగు చుక్క ఉండాలి, అలా ఎక్కడైనా ఉంటుందా అన్నాడు. అరాగో ప్రయోగం చేసి చూశాడు. చుక్క ఉంది! ప్రత్యర్థి లెక్కే సాక్ష్యమైపోయింది. 1865లో మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత తరంగాల వేగం లెక్కగడితే అది కాంతి వేగంతో సరిపోయింది. 1887లో హెర్ట్జ్ ఆ తరంగాల్ని ప్రయోగశాలలో పుట్టించాడు.

విచిత్రం ఏంటంటే, అదే హెర్ట్జ్ అదే ప్రయోగాల్లో ఇంకోటి గమనించాడు. లోహపు గుండ్ల మీద అతినీలలోహిత కాంతి పడితే స్పార్క్ తేలిగ్గా వస్తోంది. తరంగ సిద్ధాంతానికి పట్టం కట్టిన బల్ల మీదే దానికి మొదటి చిక్కు కూడా పడింది. అదే తర్వాత కాంతి విద్యుత్ ఫలితం.

చిక్కేమిటో చెప్తాను. జింక్ పలక మీద ఎంత ప్రకాశవంతమైన ఎర్ర కాంతి వేసినా ఎలక్ట్రాన్ రాదు. మసక అతినీలలోహిత కాంతి వేస్తే చాలు, వెంటనే వస్తుంది. 1902లో లెనార్డ్ ఇంకొంచెం ముందుకెళ్ళి, కాంతి తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతోంది తప్ప ఒక్కో ఎలక్ట్రాన్ శక్తి పెరగట్లేదని చూపించాడు. తరంగమైతే పెద్ద అల గట్టిగా కొట్టాలి కదా. ఇక్కడ తీవ్రతకి ఆ పని చేతకాలేదు, రంగే నిర్ణయిస్తోంది.

1900 డిసెంబరులో ప్లాంక్ కృష్ణ వస్తువు వికిరణం, అంటే వేడి వస్తువు వదిలే కాంతి, లెక్క కుదర్చడానికి శక్తిని E = hν అనే ముక్కలుగా తీసుకున్నాడు (ν పౌనఃపున్యం, h ప్లాంక్ స్థిరాంకం). వేడి వస్తువు గోడల్లోని కంపకాలకే ఆయన ఆ నియమం పెట్టాడు, కాంతికి కాదు. కాంతే అలా ముక్కలుగా ఉంటుందన్న సాహసం 1905లో ఐన్‌స్టీన్‌ది. జింక్ నుంచి ఎలక్ట్రాన్ ఊడాలంటే సుమారు 4.3 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. 650 నానోమీటర్ల ఎర్ర ఫోటాన్ దగ్గర 1.9 మాత్రమే ఉంది. అలాంటివి కోట్లు వచ్చి పడినా ఒక ఎలక్ట్రాన్‌కి ఒక ఫోటాన్ లెక్కే కాబట్టి పని జరగదు. ఫోటాన్ శక్తిలో ఊడటానికి పోగా మిగిలినదే ఎలక్ట్రాన్‌కి దక్కే గరిష్ఠ శక్తి, ఇదే ఐన్‌స్టీన్ సమీకరణం. మిల్లికన్ ఆ సమీకరణం చక్కగా సరిపోతోందని 1916లో కొలిచి చూపించాడు. అయినా దాని వెనకున్న కాంతి ప్యాకెట్ల ఊహను మాత్రం ఒప్పుకోలేదు. 1923లో కాంప్టన్ ఎక్స్‌రేలు ఎలక్ట్రాన్లకు తగిలి శక్తి కోల్పోవడం చూపించాక గానీ ఎక్కువమంది మెత్తబడలేదు.

మిగతాది రాత్రికి రాస్తాను.

గోదారి_గట్టు
మాస్టారూ, ఈ కథలో సత్యేంద్రనాథ్ బోస్ పేరు రాకుండా ఎలా? 1924లో ఢాకా విశ్వవిద్యాలయం నుంచి ఐన్‌స్టీన్‌కి ఉత్తరం రాశారు, వ్యాసాన్ని ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. ఫోటాన్లకు విడివిడి గుర్తింపు లేదన్నట్టు లెక్కపెడితే ప్లాంక్ సూత్రం నేరుగా వచ్చేస్తుందని ఆ వ్యాసం సారం. ఉదాహరణకి రెండు ఫోటాన్లు, రెండు స్థితులు తీసుకోండి. ఇది మొదటిది, ఇది రెండోది అని గుర్తుపట్టగలిగితే నాలుగు ఏర్పాట్లు, అందులో రెండూ ఒకేచోట ఉండేవి రెండు, అంటే సగం. గుర్తుపట్టలేకపోతే ఏర్పాట్లు మూడే, ఒకేచోట ఉండేవి మళ్ళీ రెండే. సగం కాస్తా మూడింట రెండు వంతులైంది. ఫోటాన్లు గుంపుగా ఒకే స్థితిలో చేరడానికి మొగ్గుతాయన్న సంగతి ఈ చిన్న లెక్కలోనే ఉంది, లేజర్‌కి ఆధారం కూడా అదే.

లేజర్_ల్యాబ్
బెంగళూరులో ఫోటోడిటెక్టర్ల మీద పనిచేస్తాను. మాస్టారు రాసిన చరిత్రంతా కరెక్టే, ఒక్క విషయం కలుపుతాను, ఎందుకంటే వెన్నెల లాంటి స్టూడెంట్లకు ఇది ఎవరూ చెప్పరు.

కాంతి విద్యుత్ ఫలితం ఫోటాన్ ఉందనడానికి తిరుగులేని రుజువు కాదు! 1969లో లాంబ్, స్కల్లీ చూపించిందేంటంటే, లోహంలోని ఎలక్ట్రాన్లను మాత్రం క్వాంటమ్‌గా తీసుకుని కాంతిని పాత మాక్స్‌వెల్ తరంగంగానే ఉంచినా ఆరంభ పౌనఃపున్యం (ఎలక్ట్రాన్ ఊడటానికి కావలసిన కనీస పౌనఃపున్యం) వస్తుంది, ఐన్‌స్టీన్ సమీకరణమూ వస్తుంది. అంటే ముక్కలుగా ఉన్నది కాంతా, లేక తీసుకునే పదార్థమా అన్నది ఆ ఒక్క ప్రయోగంతో తేలదు.

మరి దేనితో తేలింది? సగం పారదర్శకంగా ఉండే అద్దం మీద కాంతి వేస్తే తరంగమైతే సగం ఇటు, సగం అటు చీలాలి, రెండు వైపులా డిటెక్టర్లు పెడితే అప్పుడప్పుడూ రెండూ ఒకేసారి మోగాలి. ఫోటాన్ ముక్కవని ముద్దైతే ఎప్పుడూ ఏదో ఒకటే మోగాలి. మామూలు బల్బుతోనో, బాగా తగ్గించిన లేజర్‌తోనో ఇది చేస్తే లాభం లేదు, వాటి నుంచి అప్పుడప్పుడూ రెండు మూడు ఫోటాన్లు కలిసి వస్తాయి. ఒక్కటే వచ్చిందని గ్యారంటీ ఉన్న సోర్స్ కావాలి. 1977లో కింబుల్, డాగనే, మాండెల్ సోడియం పరమాణువుల కాంతితో ఇటువైపు మొదటి గట్టి అడుగు వేశారు. 1986లో పారిస్ దగ్గర ఓర్సేలో గ్రాంజియే, రోజే, ఆస్పె కాల్షియం పరమాణువుతో చేశారు. అది వరసగా రెండు ఫోటాన్లు వదులుతుంది, మొదట 551 నానోమీటర్ల ఆకుపచ్చది, వెంటనే 423 నానోమీటర్లది. ఆకుపచ్చది కనబడగానే రెండోది వస్తోందని తెలుస్తుంది, దాన్ని అద్దం మీదకి పంపారు. రెండు డిటెక్టర్లూ కలిసి మోగడం తరంగ సిద్ధాంతం ఒప్పుకునే కనీస స్థాయికన్నా బాగా తక్కువకి పడిపోయింది. ముక్కవట్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. అదే సోర్సు, అదే అద్దం. డిటెక్టర్లు తీసేసి రెండు దారుల్నీ ఇంకో అద్దం దగ్గర మళ్ళీ కలిపారు. వ్యతికరణం వచ్చింది, 98 శాతానికి పైగా స్పష్టతతో. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ ఫిజిక్స్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేపర్ అదే.

వెన్నెల_బీఎస్సీ
అయ్యో సార్, మీరు నా డౌట్‌ని ఇంకా పెద్దది చేశారు 🙂 ముక్కవకుండానే రెండు దారుల్లో వెళ్ళిందా మరి? నేను ఫోటాన్ అంటే పాము మెలికల్లా పైకీ కిందకీ ఊగుతూ వెళ్ళే చిన్న బంతి అనుకుంటున్నాను, బొమ్మల్లో అలాగే వేస్తారు కదా.

రిటైర్డ్_లెక్చరర్
ఆ బొమ్మ ముందు మనసులోంచి తీసెయ్యమ్మా. ఆ మెలికల గీత ఫోటాన్ నడిచే దారి కాదు, ఒక్కో చోట విద్యుత్ క్షేత్రం ఎంతుందో చూపే గ్రాఫ్. ఏ వస్తువూ అక్కడ పైకీ కిందకీ ఎగరడం లేదు.

ఇప్పుడు రెండు చీలికలు. ఒక్కో చీలికకీ ఒక్కో కంపన పరిమితి (ఆంప్లిట్యూడ్) ఉంటుంది, క్వాంటమ్‌లో దాన్ని సంభావ్యతా పరిమితి అనుకో. తెర మీద ఒక బిందువు దగ్గర మొదటి చీలిక ద్వారా a, రెండో చీలిక ద్వారా b. ఫోటాన్ అక్కడ దొరికే అవకాశం a వర్గం ప్లస్ b వర్గం కాదు, ముందు కలిపి తర్వాత వర్గం చెయ్యాలి, (a + b) మొత్తానికి వర్గం. రెండూ 1 అయితే విడివిడిగా 1 + 1 = 2 రావాలి, కానీ 4 వస్తుంది. ఒకటి 1, ఇంకోటి మైనస్ 1 అయితే సున్నా.

ఆ సున్నా దగ్గర ఆగి ఆలోచించు. ఒక్క చీలిక తెరిచినప్పుడు ఆ బిందువుకి ఫోటాన్లు వస్తున్నాయి. రెండోది కూడా తెరిచాం, అంటే ఇంకో దారి ఇచ్చాం. అయినా అక్కడికి రావడమే మానేశాయి. బంతి ఏ చీలిక గుండా వెళ్ళినా, రెండో చీలిక తెరిచి ఉందో మూసి ఉందో దానికి పట్టకూడదు. కాబట్టి బంతి కాదు. కానీ తెర మీద చూస్తే ఎప్పుడూ ఒకేచోట ఒక చుక్క, సగం చుక్క ఎప్పుడూ లేదు. కాబట్టి నీళ్ళమీద అల కూడా కాదు.

నీ ప్రశ్నకి నా జవాబు: ఫోటాన్ ఇంకో ఫోటాన్‌తో కలవట్లేదు. ఒకే ఫోటాన్‌కున్న రెండు అవకాశాలు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. ప్రయాణం లెక్క కట్టడానికి తరంగ గణితం, చేరిక దగ్గర గంపగుత్తగా ఒక క్వాంటమ్. కొన్నిసార్లు ఇది, కొన్నిసార్లు అది కాదు, ప్రతిసారీ రెండూ ఉంటాయి. ఎప్పుడు ఎలా ఉండాలో అది నిర్ణయించుకోనక్కర్లేదు.

1909లో కేంబ్రిడ్జ్‌లో జి.ఐ. టేలర్ ఒక సూది నీడను ఇలాగే ఫోటో తీశాడు. కాంతి ఎంత తగ్గించాడంటే, ఒక మైలు పైచిలుకు దూరంలో వెలిగే కొవ్వొత్తి అంత. సుమారు 2000 గంటల ఎక్స్‌పోజర్, దాదాపు మూడు నెలలు. చారలు మాత్రం ఏమీ మసకబారలేదు.

నిత్యాన్వేషి
చాలా మంచి చర్చ. నాదొక సందేహం. ఫోటాన్ ఏ దారిలో వెళ్ళిందో చూస్తే చారలు మాయమవుతాయి కదా. అంటే చూసేవాడి చైతన్యం వల్లే వాస్తవం మారుతోందని కాదా? క్వాంటమ్ సిద్ధాంతకర్తల్లో ఒకరైన ష్రోడింగర్ కూడా ఉపనిషత్తులు చదివారు. మన పెద్దలు చెప్పిన దృక్-దృశ్యం (చూసేది, చూడబడేది) ఇదే అనిపిస్తుంది నాకు.

లేజర్_ల్యాబ్
నిత్యాన్వేషి గారూ, ష్రోడింగర్‌కి వేదాంతం మీద గౌరవం ఉన్న మాట నిజమే, ఆయనే రాసుకున్నారు. కానీ చారలు పోవడానికి చూసే మనిషి అక్కర్లేదండీ. 2004లో వియన్నాలో జైలింగర్, ఆర్న్‌ట్ బృందం C70 అణువుల్ని, అంటే 70 కార్బన్ పరమాణువులున్న పెద్ద అణువుల్ని, వ్యతికరణ పరికరం గుండా పంపింది. చారలు వచ్చాయి. తర్వాత ఆ అణువుల్ని లేజర్‌తో వేడిచేశారు. వేడెక్కిన అణువు దారిలోనే వేడి కాంతి వదులుతుంది, ఆ కాంతితో పాటు అణువు ఎక్కడుందన్న ఆచూకీ బయటికి పోతుంది. వేడి పెంచినకొద్దీ చారలు మెల్లగా మసకబారి పోయాయి. ఆ కాంతిని ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ చదవలేదు, గోడలకి తగిలి పోయింది. అయినా చారలు పోయాయి.

దారి ఆచూకీ ప్రపంచంలో ఎక్కడైనా నమోదైతే చాలు. క్వాంటమ్‌లో "పరిశీలన" అంటే అంతే.

నిత్యాన్వేషి
ఇది నాకు కొత్త విషయం, ధన్యవాదాలు. మెల్లగా అని రాశారు చూడండి, అది ఆలోచింపజేసింది. చైతన్యం వల్లే అయితే ఉంటే ఉండాలి, పోతే పోవాలి, అణువు వేడిని బట్టి కొంచెం కొంచెంగా తగ్గడమేంటి. అయితే అన్ని అవకాశాల్లో ఆ ఒక్క చుక్కే ఎందుకు పడిందన్న ప్రశ్న మిగిలే ఉంది కదా?

రిటైర్డ్_లెక్చరర్
ఉందండి, అది నిజంగానే మిగిలి ఉంది. దాని మీద భౌతిక శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. లెక్క మీద లేదు తగాదా, ఆ లెక్కకి అర్థం ఏమిటన్న దాని మీదే. ముందే దాగి ఉన్న సమాచారం ఏదో ఫలితాన్ని నిర్ణయిస్తోందన్న ఊహకి మాత్రం గట్టి పరీక్ష జరిగింది. 1964లో బెల్ రాసిన అసమానతను, అంటే ఆ ఊహ నిజమైతే ఫలితాలు దాటకూడని హద్దును, క్లాజర్, ఆస్పె, జైలింగర్ ప్రయోగాలు ఉల్లంఘించి చూపించాయి, దానికే 2022 నోబెల్. కాంతి వేగాన్ని మించని ప్రభావాలతో, ముందే రాసిపెట్టిన జవాబులతో ప్రకృతి నడుస్తోందన్న చిత్రం ఇక నిలబడదు.

మోడరేటర్
క్వాంటమ్ వ్యాలీ వస్తుందా రాదా, ఉద్యోగాలెన్ని అన్న పోస్టుల్ని వేరే థ్రెడ్‌లోకి మార్చాను. ఇక్కడ ఫిజిక్స్ మాత్రమే. బాగా నడుస్తోంది, కొనసాగించండి.

టీచరమ్మ_కర్నూలు
నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా పిల్లలు తెలివైనవాళ్ళు, కళ్ళతో చూపిస్తే పట్టేస్తారు. కాల్షియం పరమాణువులు మా దగ్గర లేవు కదా సార్. వందల్లో ఖర్చుతో క్లాసులో చూపించగలిగింది ఏమైనా ఉంటే చెప్పండి.

లేజర్_ల్యాబ్
ఉన్నాయి టీచర్ గారూ. మొదటిది తరంగం కోసం. ఎర్ర లేజర్ పాయింటర్ ముందు ఒక తల వెంట్రుక నిలువుగా అంటించండి. చీకటి గదిలో మూడు మీటర్ల దూరంలో గోడ మీద అడ్డంగా వెలుగు, చీకటి మచ్చలు వరసగా కనిపిస్తాయి. వెంట్రుక మందం 70 మైక్రాన్లయితే, 650 నానోమీటర్ల లేజర్‌కి మచ్చల మధ్య దూరం సుమారు 2.8 సెంటీమీటర్లు. తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి మచ్చల దూరంతో భాగిస్తే వెంట్రుక మందం వస్తుంది, పిల్లలు ఒకళ్ళ వెంట్రుకలు ఒకళ్ళు కొలుచుకోవచ్చు. లేజర్ మాత్రం పొరపాటున కూడా కళ్ళవైపు తిప్పనివ్వకండి, గోడ మీద అద్దాలు, స్టీలు సామాన్లు లేకుండా చూసుకోండి.

ఆ పాయింటర్ 1 మిల్లీవాట్ అయితే సెకనుకి సుమారు 3 పక్కన 15 సున్నాలన్ని ఫోటాన్లు వదులుతుంది. కాంతి ముక్కలుగా వస్తోందని మనకు ఎందుకు తెలియదో ఆ అంకె చూస్తే అర్థమవుతుంది.

గోదారి_గట్టు
క్వాంటమ్ వైపు చూపించాలంటే చీకట్లో మెరిసే స్టిక్కర్లు తీసుకోండి టీచర్ గారూ, పిల్లల గదుల్లో సీలింగుకి అంటించే నక్షత్రాలు, ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతాయి. పుస్తకంలో పెట్టి రాత్రంతా చీకట్లో ఉంచండి. చీకటి గదిలో తీసి ఒక చోట ఎర్ర లేజర్ ఎంతసేపైనా పట్టండి, ఏమీ మెరవదు. పక్కన నీలం ఎల్‌ఈడీ ఒక్క క్షణం చూపండి, అక్కడ వెలుగు మిగిలిపోతుంది. లేజర్ చుక్క కంటికి ఎంత తీక్షణంగా ఉన్నా లాభం లేదు, మసక నీలం చాలు. మాస్టారు చెప్పిన జింక్ పలక కథే ఇది.

రిటైర్డ్_లెక్చరర్
బ్రహ్మాండం! దీనికి నేను ఇంకోటి కలుపుతాను, డిగ్రీ ల్యాబుల్లో చేయించేదే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు, ఒక వేరియబుల్ రెసిస్టర్, వోల్ట్‌మీటర్. ప్రతి ఎల్‌ఈడీకీ సీరీస్‌లో ఒక రెసిస్టర్ తప్పకుండా ఉండాలి. వోల్టేజ్ సున్నా నుంచి మెల్లగా పెంచుతూ పొండి. ముందు ఎరుపు వెలుగుతుంది, ఆనక ఆకుపచ్చ, చివర నీలం. ఎరుపు సుమారు 1.8 వోల్టుల దగ్గర, నీలం 2.5 పైన. వెలగడం మొదలైన వోల్టేజ్‌ని ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణిస్తే ఇంచుమించు ఒక ఫోటాన్ శక్తి, దాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే ప్లాంక్ స్థిరాంకం. కచ్చితంగా రాదు, ఎందుకంటే వెలగడం మొదలైన క్షణాన్ని కంటితో పట్టుకోవడం కష్టం, కొంత శక్తి డయోడ్ వేడి నుంచి కూడా వస్తుంది. కానీ 6.6 × 10⁻³⁴ దరిదాపుల్లోకి వస్తుంది. 2019 నుంచి కిలోగ్రామ్‌ని నిర్వచించేది ఈ అంకెతోనే. హైస్కూల్ బల్ల మీద పిల్లలు దాన్ని చేత్తో కొలవగలరంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇంకో మాట. క్వాంటమ్ అంటే ఎక్కడో విదేశాల్లో పుట్టిన సంగతని మన పిల్లలు అనుకోకూడదు. రామన్ చిన్నప్పుడు చదివింది విశాఖపట్నంలో. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ఆయన చూసింది కూడా ఫోటాన్ కథే, కాంతి అణువుకి కొంత శక్తి ఇచ్చేసి రంగు మార్చుకుని బయటికి రావడం. 1931లో ఆయనతో కలిసి ఫోటాన్‌కి స్పిన్ (కణానికి సహజంగా ఉండే భ్రమణం లాంటి లక్షణం) ఉందని కాంతి పరిక్షేపణం ద్వారా చూపించింది మన కృష్ణా జిల్లా సూరి భగవంతం గారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా చేశారు, బెంగళూరు ఐఐఎస్సీకి డైరెక్టరూ అయ్యారు. ఆయన పేరు క్లాసులో తప్పకుండా చెప్పండమ్మా.

టీచరమ్మ_కర్నూలు
స్టిక్కర్ ప్రయోగం చేయించాను సార్! పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూశారు. ఎరుపుతో ఏమీ రాలేదు, నీలంతో అక్షరాలు కూడా రాసేశారు. ఒక అమ్మాయి అడిగింది, మనం నీలం కాంతి ఇస్తే స్టిక్కర్ ఆకుపచ్చగా ఎందుకు మెరుస్తోంది, నీలం ఎక్కడికి పోయింది అని. నేను రేపు చెప్తానన్నాను, సరైన మాట చెప్పాలని.

వెన్నెల_బీఎస్సీ
టీచర్ గారూ, దీనికి నేను చెప్పనా? మాస్టారు తప్పుంటే దిద్దండి. 460 నానోమీటర్ల నీలం ఫోటాన్‌లో సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులుంటాయి, 520 నానోమీటర్ల ఆకుపచ్చ ఫోటాన్‌లో 2.4. నీలం ఫోటాన్ మొత్తం ఒకేసారి లోపలికి పోయింది. అందులో కొంత స్ఫటికం కంపనాలకి, అంటే వేడికి పోయింది. మిగిలినది కొంతసేపు స్ఫటికంలో చిక్కుకుని ఉండి, తర్వాత ఒకే ఆకుపచ్చ ఫోటాన్‌గా బయటికి వచ్చింది. ఎరుపు ఫోటాన్‌లో ఉన్నదే 1.9 కాబట్టి అసలు లోపలికే తీసుకోలేదు.

రిటైర్డ్_లెక్చరర్
దిద్దడానికి ఏమీ లేదమ్మా. టీచర్ గారూ, ఆ అమ్మాయికి ఇది ఇలాగే చెప్పండి. వీలైతే ఆకుపచ్చ ఎల్‌ఈడీతో కూడా చేసి చూడమనండి, చెయ్యకముందే ఏమవుతుందో నోట్‌బుక్‌లో రాసుకోమనండి.